రాజుగారి నాలుక, ఎల్లమాంబ బానలు

పూర్వం ఒకానొక కొండల రాజ్యంలో ఓ లోయ నిండా ద్రాక్షతోటలే ఉండేవి. అక్కడివాళ్లు పళ్లను మట్టిబానల్లో మాగబెట్టి ఆసవం తీసేవారు. ఆ రాజ్యాన్నేలే విజయకేతనుడికి తన నాలుక మీద మహా నమ్మకం. ఏటా పల్లకీ ఎక్కి తోటతోటకూ తిరిగి రుచి చూసేవాడు. నచ్చితే ఒక బాన కోటకు వెళ్లేది. నచ్చకపోతే ఆ ఇంటి బానలన్నీ భటుల రోకళ్ల పాలే.

ఆ ఏడు ఆయన వెంట వెళ్లిన ఆస్థాన చతురుడు పేరిభట్టుకు కాలు ఒకచోట నిలవలేదు. పొద్దున మొదటి ఇంట్లో రాజు లొట్టలేసి, అమృతమని మెచ్చుకుని, ఒక బాన బండికెక్కించాడు. రెండో ఇంట్లో గుక్క మింగకుండానే ఉమ్మేశాడు. ఏడాది కష్టం వాకిట్లో పారుతుంటే ఆ ఇంటాయన కండువా నోట్లో కుక్కుకున్నాడు. పగిలిన పెంకులో మిగిలిన చుక్క పేరిభట్టు నాలుకకు రాసుకుని చూశాడు. నిక్షేపంలా ఉంది.

ఇక అతని మనసు మనసులో లేదు. తరువాతది ఎల్లమాంబ తోట. భర్త పోయాక ఒంటిచేత్తో నెట్టుకొస్తోంది. బానలు పగిలితే ఆమె లోయ విడిచి పోవలసిందే. పోనీ, తప్పు తమ నాలుకదేనని రాజుకు చెబుదామా అంటే, కిందటేడు ఆ మాటన్న పండితుడు ఇప్పటికీ ఏనుగుసాలలో పేడ ఎత్తుతున్నాడు.

పేరిభట్టు పల్లకీకి ముందుకోసారి, వెనక్కోసారి తిరిగాడు. లోపల రాజు తాంబూలం నములుతున్నాడు. సాగనంపేటప్పుడు తాంబూలం ఇవ్వకపోతే ఇంటివాళ్లకు తప్పు, ఇచ్చింది వేసుకోకపోతే అతిథికి తప్పు. ఆ ఎర్రటి నోరు చూడగానే పేరిభట్టు అడుగు ఆగింది.

తోట చేరాక ఎల్లమాంబ ఆసవం అందించబోతుంటే, తాను అందిస్తానని గిన్నె పుచ్చుకుని బండి చాటుకు వెళ్లి వచ్చాడు.

రాజు గుక్క వేసి మొహం చిట్లించాడు. "చేదు. పగలగొట్టండి."

ఎల్లమాంబ పరుగున వెళ్లి బానలకు అడ్డంగా నిలబడింది.

"తీర్పు ఖాయమేనా ప్రభూ?" అన్నాడు పేరిభట్టు.

"నా నాలుక ఎన్నడైనా పొరబడిందా?"

"అయితే భటులారా, ఇటు రండి. ఈ బండి మీది బాన పగలగొట్టండి. ప్రభువు తాగింది ఇందులోదే."

ఎత్తిన రోకళ్లు ఎత్తినట్టే ఉండిపోయాయి. రాజు మొహం కందగడ్డయింది. పొద్దున అమృతమైంది ఇప్పుడు చేదెలా అయిందని గద్దించాడు. పేరిభట్టుకు ఏనుగుసాల కళ్లముందు కదిలింది. అయినా నోరు విప్పాడు.

"నడుమ వక్కా సున్నమూ వచ్చి కూర్చున్నాయి ప్రభూ. ఒక ఇంట్లో గౌరవించి ఇచ్చిన తాంబూలం పక్కింటి కొంప తీస్తోంది."

రాజు నీళ్లు తెప్పించుకున్నాడు. నోరు పుక్కిలించి, పేలాలు నమిలి, కాలు ఊపుతూ కాసేపు కూర్చున్నాడు. అప్పుడు ఎల్లమాంబ ఆసవం గుక్కెడు తాగాడు. ఇంకో గుక్కెడు తాగాడు. ఖాళీ గిన్నె మళ్లీ చాపాడు. ఎల్లమాంబ బానల పక్కనే కూలబడి భోరుమంది.

రాజుకు సిగ్గేసింది. రెండో ఇంటికి కోటలోని బానలూ, ఏడాది గ్రాసమూ పంపమని ఆజ్ఞాపించాడు. తన వెండి తాంబూలపు పెట్టె తీసి పేరిభట్టుకు బహుమానంగా ఇచ్చేశాడు.

పల్లకీ మలుపు తిరిగిందో లేదో లోపలినుంచి చెయ్యి బయటికొచ్చింది. "పేరిభట్టూ, ఒక్క ఆకు."

"ఇచ్చిన బహుమానం తిరిగి అడిగిన ప్రభువు మీ వంశంలో లేడు మహారాజా" అంటూ పేరిభట్టు పెట్టెను చంకన బిగించి నడక సాగించాడు.

రాజు నవ్వు లోయ దాటేదాకా ఆగలేదు.