మందు వేడెక్కకూడదు

గుల్లపాడులో గవరయ్య ఇల్లు ఎక్కడని అడిగితే, వాళ్ళమ్మ అప్పలనరసమ్మే ఎదురొచ్చి చెప్పేది, "తెలివైనవాళ్ళ ఇల్లు కదూ? ఇదే నాయనా!" అని. వాన పడుతోందో లేదో తేల్చడానికి ఇంటిల్లిపాదీ తడుస్తూ నిలబడి ఆలోచించేంత తెలివి వాళ్ళది. నవ్వకండి మరి, అసలు కథ ముందుంది.

ఆ ఏడు పక్క ఊళ్ళో కోరింత దగ్గు వచ్చింది. పసిపిల్లలు దగ్గి దగ్గి, ఊపిరందక నీలమైపోతున్నారట. గవరయ్య పెళ్ళాం పైడితల్లికి గుండె జారిపోయింది. వాళ్ళ చంటాడికి అప్పటికి నెలన్నర. అంతే, ముగ్గురూ వాణ్ణెత్తుకుని ఊళ్ళో టీకాలేసే కుసుమ నర్సమ్మ దగ్గరికి పరిగెత్తారు.

నర్సమ్మ మందుపెట్టె తెరిచింది. లోపలంతా ఐసు.

"ఐసెందుకు నర్సమ్మా?" అన్నాడు గవరయ్య.

"ఈ మందు చల్లగా ఉండాలయ్యా. వేడి తగిలిందా, పాడైపోతుంది," అంటూ చంటాడి తొడకి టీకా వేసేసింది.

వాడు కేరుమన్నాడు. పైడితల్లి గుండెలకి హత్తుకోబోయింది.

"ఆగవే!" అని అరిచింది అత్త. "మందిప్పుడు వాడిలో ఉంది. నీ ఒళ్ళేమో వేడి. మందు పాడైతే దగ్గు రాదూ?"

ఇంకేముంది! చేతులు బారెడు చాచి, పొయ్యి మీంచి దించిన అన్నం గిన్నెలా వాణ్ణి ఇంటికి మోసుకొచ్చారు. ఉయ్యాల చుట్టూ తడిచీరలు కట్టారు. అప్పలనరసమ్మా గవరయ్యా చెరోవైపు నిలబడి విసనకర్రలు అందుకున్నారు.

"ఎండొస్తోంది, కిటికీ ముయ్‌రా!"

"మూస్తే గాలి రాదే అమ్మా!"

"అయితే సగం ముయ్! ఏమే కోడలా, వాణ్ణి ఎత్తకుండా వంగి పాలు పట్టు, అదీ ఊది మరీ!"

"ఎక్కడ ఊదను అత్తా?"

సాయంత్రానికి చంటాడి ఒళ్ళు కాస్త వెచ్చబడింది. "ఓరి దేవుడోయ్, మందు కాగిపోతోంది!" అంది అప్పలనరసమ్మ. అంతే! గవరయ్య చేపలమ్మే సింహాచలం ఐసుపెట్టె లాక్కుని నెత్తిన పెట్టుకున్నాడు. చంటాణ్ణి చేతులు చాచి పట్టుకుని అప్పలనరసమ్మ, వెనకే పైడితల్లి, మళ్ళీ ఒకటే పరుగు.

"నర్సమ్మా, మందు బయటికి తీసి మళ్ళీ ఐసులో పెట్టెయ్! కాదంటే చెప్పు, చంటాణ్ణే ఇందులో పెట్టేస్తాం!"

పైడితల్లి భోరుమంది. "ఉయ్యాల చుట్టూ తడిచీరలు కట్టి, పొద్దున్నించీ నా బిడ్డని ఎత్తుకోలేదమ్మా. ఎత్తుకుంటే దగ్గొస్తుందని భయం, ఎత్తుకోకపోతే ప్రాణం పోతోంది."

నర్సమ్మకి నవ్వొచ్చింది గానీ, ఆ కన్నీళ్ళు చూసి మింగేసింది. "పిచ్చితల్లీ! చల్లదనం మందు సీసాలో ఉన్నంతవరకే. ఒంట్లోకి వెళ్ళాక, జబ్బుతో ఎలా పోట్లాడాలో వాడి ఒంటికి నేర్పుతుంది. టీకా వేశాక కాస్త జ్వరం మామూలే, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఎక్కువైతే నా దగ్గరికి తీసుకురండి. ఇంటికెళ్ళి ముందా తడిచీరలు తియ్యి. చిన్నవాళ్ళకి చలి పనికిరాదు, ఒళ్ళో వెచ్చగా పెట్టుకో. నెలకి ఇంకో టీకా ఉంది, మరిచిపోకండి."

పైడితల్లి బిడ్డని హత్తుకుని మళ్ళీ ఏడ్చింది, ఈసారి సంతోషంతో. అప్పలనరసమ్మ మాత్రం "చిన్నవాళ్ళకి చలి పనికిరాదు" అని దారంతా వల్లె వేసుకుంది.

నెలకి వచ్చారు. చంటాడు గుమ్మడికాయలా ఉన్నాడు, దగ్గు జాడే లేదు. రెండో టీకా వేసి నర్సమ్మ కార్డు రాసుకుంటోంది. బయట ఇంకా పదిమంది తల్లులు పిల్లలతో కూర్చున్నారు. నర్సమ్మ తలెత్తి చూసేసరికి పెట్టె ఖాళీ!

"నా మందు సీసాలేవీ!" అని కేకేసింది.

మూలన అప్పలనరసమ్మ కంబళి కప్పుకుని కూర్చుంది. ఒళ్ళో సీసాలన్నీ వరసగా పడుకోబెట్టి జోకొడుతోంది.

"ష్... అరవకు నర్సమ్మా. పాపం చిన్నవి, చలికి కొయ్యబారిపోయాయి. ఇప్పుడే కళ్ళు మూశాయి."