పన్నెండో పుల్ల

పది రోజుల్లో మూడోసారి ఎర్రపుల్ల తన చేతికే వచ్చేసరికి మూలసిరికి ఒళ్లు మండిపోయింది.

మండదూ మరి! కృష్ణ సముద్రంలో కలిసే చోటుకి దగ్గర్లో, గుట్ట మీద ఉన్న ఆ బౌద్ధవిహారంలో భిక్షువులు పన్నెండు మంది. రోజూ తెల్లవారగానే ఒక మట్టికుండలో పన్నెండు వెదురుపుల్లలు వేసేవారు. అన్నీ వేలెడంత పొడవే, పైనుంచి చూస్తే అన్నీ ఒకటే. ఒక్కదానికి మాత్రం అడుగు కొసన లక్క పూసి ఉంటుంది. వట్టిపుల్ల వచ్చినవాళ్లు గుట్ట దిగి పట్నంలోకి భిక్షకు వెళతారు. వర్తకుల ఇళ్లు, నెయ్యి వేసిన అన్నం, గడ్డపెరుగు. ఎర్రపుల్ల వచ్చినవాడు మాత్రం ఉప్పుమడుల గట్ల మీద రెండు క్రోసులు నడిచి, ఉప్పు పండించేవాళ్ల గూడేనికి పోవాలి. అంత నడిస్తే దొరికేది గంజి. అదృష్టం బాగుంటే నంజుకోవడానికో ఉల్లిపాయ.

అలాగని మానడానికి వీల్లేదు. గూడెంవాళ్లు గంజికుండ ముందు పెట్టుకుని దారికేసి చూస్తూ కూర్చుంటారు. వాళ్ల చేతి కూడు ఒక్కరోజు కూడా కాదనకూడదని గురువు నాగబోధి పెట్టిన నియమం.

పుల్లలు తీయడానికి ఒక వరస ఉంది. పెద్దవాడు ముందు, చిన్నవాడు చివర. పంతొమ్మిదేళ్ల మూలసిరి అందరికన్నా చిన్న. పదకొండు మంది ఒక్కొక్కరే తీసుకుని, కొస చూసుకుని, హమ్మయ్య అనుకుంటూ పక్కకి తప్పుకుంటుంటే తను ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని నిలబడాలి.

ఆ రోజు ఆ నిలబడటమే కొంప ముంచింది.

కుండ పట్టుకున్నది చందమిత్రుడు. డెబ్భైకి దగ్గరపడ్డ ముసలి భిక్షువు, కుడిమోకాలు సరిగ్గా వంగదు. ఇరవయ్యేళ్లుగా పుల్లలు పంచే పని ఆయనదే. మూలసిరికి అక్షరాలు దిద్దించిందీ, జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసిందీ కూడా ఆయనే. అంతటి మనిషిని పట్టుకుని, పదిమందీ చూస్తుండగా అనేశాడు.

"మంచివన్నీ పెద్దలు ఏరుకున్నాక, అడుగున మిగిలింది చిన్నవాడి మొహాన కొట్టడానికి మీకు చేతులెలా వస్తాయి భంతే?"

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. పుల్లలు కుండలో ఎలా పేర్చి తెస్తున్నారో ఎవరు చూడొచ్చారు అని కూడా గొణిగాడు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అని ఊరికే అన్నారా?

చందమిత్రుడు ఖాళీ కుండను దాని చోట పెట్టి భిక్షకు బయల్దేరాడు. ఆ సాయంత్రం గురువు దగ్గరికి వెళ్లి సెలవడిగాడు. రేపు భిక్ష ముగిశాక ఏటికి ఎగువనున్న విహారానికి పోతానని, బతుకులో మిగిలిన నాలుగు రోజులూ అక్కడే గడుపుతానని చెప్పాడు.

ఈ సంగతి చెవిన పడగానే మూలసిరి ఉన్నపళంగా లేచాడు. గురువు దగ్గరికి పరుగెత్తాడు. చందమిత్రుడు వెళ్లిపోతే తను బతికున్నన్నాళ్లూ ఆ మాట గుచ్చుతూనే ఉంటుందన్నాడు. పుల్లలు పేర్చారని అనడం శుద్ధ పాపమనీ, దానికి కాళ్ల మీద పడతాననీ అన్నాడు. కానీ ముందు అన్న మాట తప్పని మాత్రం ఒప్పుకోలేకపోతున్నాడు. చివరివాడికి అన్యాయం జరుగుతోందని మనసులో నమ్ముతూనే క్షమించమని అడిగితే అది అబద్ధం కాదా?

నాగబోధి అంతా విన్నాడు.

"పది రోజుల్లో మూడు నీకు వచ్చాయి. మిగతా ఏడూ ఎవరికి వచ్చాయి నాయనా?"

మూలసిరి బుర్ర గోక్కున్నాడు. నిజమే, ఎవరికి వచ్చాయి? ఆ రోజుల్లో తను పట్నంలో పెరుగన్నం తిని హాయిగా తిరిగొచ్చాడు. ఇంకొకరి కాళ్ల నొప్పి తనకెందుకు గుర్తుంటుంది? చందమిత్రుడు కుంటుతూ మిట్టమధ్యాహ్నం గుట్టెక్కడం ఒకసారి చూసినట్టు లీలగా తోచింది. ఒకసారా, రెండుసార్లా? సిగ్గేసింది. అయినా లెక్క మాత్రం లెక్కే కదా అనిపించింది.

గురువు పొద్దున్నే రమ్మన్నాడు.

పొద్దున అందరూ చేరాక నాగబోధి కుండనూ పుల్లలనూ మూలసిరికే ఇచ్చి కలపమన్నాడు. మూలసిరి పుల్లలు వేసి, పైన గుడ్డ కప్పి, చేయి నొప్పెట్టేదాకా కుదిపాడు. ఆ తర్వాత కుండ ఎప్పటిలాగే చందమిత్రుడి చేతికి వెళ్లింది. వరసా ఎప్పటిదే. గురువు మార్చింది ఒక్కటే. తీసినవాళ్లు చూసుకోకూడదు. అందరూ తీసేదాకా పిడికిలి విప్పకూడదు.

ముందు నాగబోధి తీశాడు. తర్వాత చందమిత్రుడు. ఒకరి వెనక ఒకరు తీసుకుని పిడికిలి బిగించి గోడవారగా నిలబడ్డారు. అడుగున మిగిలిన ఒక్క పుల్లనీ మూలసిరి తీశాడు.

హమ్మయ్య అన్నవాడు ఒక్కడూ లేడు. పెద్దవాళ్లు కూడా తమ చేతులకేసి అనుమానంగా చూసుకుంటున్నారు. ముప్ఫయ్యేళ్లు దీక్షలో ఉన్న ఒకాయన గుటకలు మింగుతున్నాడు కూడా! మూలసిరికి అది వింతగా తోచింది.

"నాయనా, నీది అడుగున మిగిలిన పుల్ల. వద్దనుకుంటే ఎవరిదైనా తీసుకుని నీది వాళ్లకివ్వు. ఎవరూ కాదనరు" అన్నాడు నాగబోధి.

ఆ మాట అన్నదే తడవుగా మూలసిరి కదిలాడు. తిన్నగా గురువు ముందుకే వెళ్లాడు. అందరికన్నా ముందు తీసింది ఆయన. కుండ నిండా పుల్లలుండగా తీశాడు. తన లెక్క ప్రకారం అంతకన్నా మంచి పుల్ల ఉండకూడదు. నాగబోధి బిగించిన పిడికిలి ముందుకు చాపాడు.

మూలసిరి చేయి చాపబోయి ఆగాడు.

కుండ నిండా ఉన్నప్పుడు తీశాడు, సరే. ఆ నిండుకుండలోనే ఎర్రదీ ఉంది కదా! ఆయన వేళ్లకి అది తగలకూడదని ఏముంది? అది ఆయన చేతికి వెళ్లిపోయి ఉంటే, తన చేతిలో ఉన్నది ఈపాటికి వట్టిపుల్లే.

పక్క పిడికిలి చూశాడు. అక్కడా ఇదే తంతు. ఆ పక్కది, ఆ పక్కది. గోడవెంట ఆ కొస నుంచి ఈ కొసకి నడిచాడు. ఒక్కటి ఎర్రది, పదకొండు వట్టివి, పన్నెండు పిడికిళ్లు. ఎవరు ముందో ఎవరు వెనకో పుల్లకేం తెలుసు? మారితే ఏమొస్తుంది, మారకపోతే ఏం పోతుంది? ఎటు తిప్పి చూసినా తన చేతిలో ఉన్నంత భయమే అందరి చేతుల్లోనూ ఉంది.

నడిచి నడిచి చందమిత్రుడి ముందు ఆగాడు. ముసలాయన తల ఎత్తలేదు. మూలసిరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. పిడికిలి విప్పకుండానే మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"మార్చుకోవా?" అని వెనక నుంచి గురువు అడిగాడు.

"ఎవరితో మార్చుకోను భంతే? అందరిదీ పన్నెండింట ఒక వంతే."

నాగబోధి విప్పమన్నాడు. పదకొండు వట్టిపుల్లలు బయటపడ్డాయి. మూలసిరి తన చేయి విప్పాడు. లక్క!

విహారమంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. చందమిత్రుడి మొహంలో నెత్తురుచుక్క లేదు. నాలుగోసారి. ఇవాళ కూడా ఈ పిల్లవాడి నోట ఏ మాట పడాలోనని ఆయన కళ్లు మూసుకున్నాడు.

మూలసిరి చేతిలోని పుల్లను కాసేపు చూశాడు. మెల్లగా నవ్వొచ్చింది. లేచి భిక్షాపాత్ర అందుకుని, మళ్లీ వచ్చి ముసలాయన ముందే నిలబడ్డాడు.

"రేపు కూడా కుండలో పన్నెండు పుల్లలే ఉండాలి భంతే. పదకొండైతే నేను తీయను."

చందమిత్రుడు కళ్లు తెరిచాడు. మూలసిరి భుజం మీద జారిన చీవరం సర్ది, తల ఊపాడు.

"గూడెంవాళ్లు ఎదురుచూస్తుంటారు. ఎండెక్కక ముందే బయల్దేరు నాయనా" అన్నాడు నాగబోధి.