గంట కొట్టే చెయ్యి

బాక్సర్ జమార్ కోల్స్‌కి వచ్చిన ఇబ్బంది ఎవరికీ అంతుబట్టలేదు. జిమ్‌లో పది రౌండ్లు ఆడినా అతనికి అలుపు తెలిసేది కాదు. అసలు పోటీలో మాత్రం ప్రతి రౌండ్ చివర్లోనూ కాళ్లు మొరాయించేవి.

ఇరవై నాలుగు పోటీలు ఆడాడు, ఇరవై నాలుగూ గెలిచాడు. మేనేజరు ఏరి ఏరి తెచ్చిన మెత్తటి మనుషుల మీద ఇరవై ఒక్క పోటీలు రెండో రౌండ్ దాటకుండానే ముగిసిపోయాయి. అందుకే ఈ సంగతి చాలాకాలం బయటపడలేదు. కిందటి పోటీలో మొండిఘటం ఒకడు తగిలి, ఎనిమిది రౌండ్లూ నిలబడ్డాడు. ప్రతి రౌండూ మొదలు జమార్‌ది, చివర ఆ మొండివాడిది. జడ్జీలు ఎలాగో జమార్‌ని గట్టెక్కించారు.

గుండె పరీక్ష చేశారు, రక్తం తీశారు. ఒకాయన ముక్కుకి గొట్టం తగిలించి మరమీద గంటసేపు పరుగెత్తించాడు, ఏ లోపమూ లేదన్నాడు. ఇంకొకాయన బంగాళాదుంపలు మానెయ్యమన్నాడు. ఆయన తర్వాత వచ్చినాయన బంగాళాదుంపలే తినమన్నాడు. అందరూ ఫీజు పుచ్చుకుని వెళ్లారు, కాళ్లు మాత్రం ఎప్పట్లాగే ఉన్నాయి.

ఇంకా ఐదు వారాలే ఉంది. పోలండ్ నుంచి వచ్చే ఛాంపియన్‌తో జమార్ ప్రపంచ టైటిల్ కోసం ఆడబోతున్నాడు. హెవీవెయిట్ బెల్టు ఒకప్పుడు ఈ దేశంలోనే ఒకరి నడుం మీంచి ఇంకొకరి నడుం మీదకి మారేదని, ఇప్పుడు సముద్రం దాటి వెళ్లి తిరిగి రావడమే మానేసిందని పత్రికలు రాస్తున్నాయి. అమెరికాలో పెద్ద బాక్సర్ల కాలం చెల్లిపోయిందని టీవీలో ఒక పెద్దమనిషి కాఫీ తాగుతూ తేల్చేశాడు. అది విన్నప్పటినుంచీ జమార్‌కి నిద్రపట్టడం లేదు. ఆ బెల్టు వెనక్కి తేవడం తన బాధ్యత అనుకున్నాడు.

అతనికి గురువు ఏమస్ గ్రీర్. డెబ్భై మూడేళ్లు. అక్రన్ అనే ఊళ్లో, పాత టైర్ల గోదాము పైఅంతస్తులో ఆయన జిమ్. ఒకప్పుడు అక్రన్ అంటేనే టైర్లు. పొద్దుటినుంచీ లారీ టైర్లు దొర్లించి దొర్లించి భుజాలు బండబారిన మనుషులు, షిఫ్టు దిగి, ఇంటికి పోకుండా ఆ మెట్లెక్కేవాళ్లు. ఆ రోజుల్లో గ్రీర్ దగ్గర పదకొండు మంది హెవీవెయిట్లు ఉండేవాళ్లు. శనివారం మధ్యాహ్నం వాళ్లు ఒకరితో ఒకరు ఆడుతుంటే చూడటానికి చుట్టుపక్కల జనం మడతకుర్చీలు చంకన పెట్టుకుని వచ్చేవాళ్లు. నిలబడలేనివాడు దిగాలి, తర్వాతివాడు ఎక్కాలి. అదొక్కటే రూలు. అలిసిపోయావా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

తర్వాత ఫ్యాక్టరీలు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. పెద్ద ఒళ్లున్న కుర్రాళ్లని బడిలో ఉండగానే అమెరికన్ ఫుట్‌బాల్ వాళ్లు ఎగరేసుకుపోయారు. ఇంకా పొడుగున్నవాళ్లని బాస్కెట్‌బాల్ వాళ్లు పట్టుకుపోయారు. అక్కడ చదువు ఉచితం, తలకి శిరస్త్రాణం, కొడుకు ముక్కు పగలడం తల్లి చూడక్కర్లేదు. వాళ్లని తప్పుపట్టలేం. నా కొడుకైతే నేనూ అక్కడికే పంపుతాను.

జమార్ కూడా ఆ దారినే వెళ్లినవాడు. ఫుట్‌బాల్ జట్టులో చోటు దొరక్క, ఇరవై ఒకటో ఏట గ్రీర్ దగ్గరికి వచ్చాడు. ఆరున్నర అడుగుల మనిషి మెట్లెక్కి వస్తుంటే ముసలాయన చేతిలో ఉన్న చీపురు కింద పెట్టి లేచి నుంచున్నాడట. ఇది జరిగి ఏడేళ్లయింది. ఈ ఏడేళ్లలో ఆ మెట్లెక్కిన హెవీవెయిట్ మరొకడు లేడు. జమార్‌తో ఆడటానికి కావలసిన వాళ్లని కూలికి పిలిపించాల్సి వచ్చేది.

ఆ జిమ్‌లో కరెంటు టైమరు ఉండేది కాదు. ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్న ఇనుప గంట ఒకటి గోడకి వేలాడేది. గ్రీర్ ఎడం చేతిలో స్టాప్‌వాచీ, కుడి చేతిలో చిన్న సుత్తి. రౌండు మూడు నిమిషాలు, విశ్రాంతి నిమిషం, ప్రతిదాని చివరా గంట మోగేది. కొత్త టైమరు కొనిపెడతానని మేనేజరు అంటే ముసలాయన ఒప్పుకోలేదు.

మంగళవారం ఉదయం జమార్ వెండెల్ అనే అతనితో ఆడుతున్నాడు. వెండెల్‌కి ముప్పై ఏడేళ్లు, తెల్లవారుజామున బ్రెడ్డు వ్యాను తోలి, పదింటికి ఇక్కడికి వస్తాడు. గెలిచిన పోటీల కంటే ఓడినవే ఎక్కువ. మూడో రౌండులో వెండెల్ ఎడం చెయ్యి రెండుసార్లు జమార్ దవడకి తగిలింది. జమార్ తూలాడు. వెంటనే గంట మోగింది.

జమార్ రింగు దిగి, గ్లౌజుతోనే మొహం తుడుచుకున్నాడు.

"రేపట్నుంచి వీడొద్దు కోచ్. నన్ను తయారుచెయ్యడానికి వచ్చాడా, పాడుచెయ్యడానికి వచ్చాడా?"

ఇందులో వింతేం లేదు. ఈ రోజుల్లో పెద్ద ఆటగాళ్ల శిబిరాల్లో ఇదే ఆనవాయితీ. ఆటగాడిని కూలికొచ్చినవాడు మరీ బాగా కొడితే, మర్నాడు వాడుండడు. వెండెల్ కంటే ముందు ఇద్దరు అలాగే సంచీ సర్దుకున్నారు. వెండెల్ కూడా మాట్లాడకుండా గ్లౌజులు విప్పబోయాడు.

"ఉండు," అన్నాడు గ్రీర్.

జమార్ బల్లమీద కూలబడ్డాడు. కోపం తగ్గాక, చాలా రోజులుగా లోపల దాచుకున్నది పైకి వచ్చింది.

"మీరు పాతవాళ్లందర్నీ చూశారు కదా కోచ్. నిజం చెప్పండి. మనవాళ్లెందుకిలా అయిపోయారు? ఒళ్లు లేదా? బలం లేదా? వాళ్లకున్నదీ నాకు లేనిదీ ఏంటి?"

గ్రీర్ చాలాసేపు అతని కాళ్ల వైపు చూశాడు. ఇంతవరకూ ఈ ప్రశ్న ఎవరు అడిగినా ఆయన నవ్వి మాట తప్పించేవాడు. ఆ రోజు నవ్వు రాలేదు.

"ఇంకొక్క రౌండు ఆడు," అన్నాడు.

"ఇవాళ్టికి అయిపోయింది కదా!"

"ఒక్కటే."

"ఎవరితో?"

"వెండెల్‌తోనే."

ముసలాయన కుర్చీని గంట దగ్గరికి లాగాడు. లాగి, దాన్ని గోడకేసి తిప్పి, రింగుకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఆయన అలా కూర్చోవడం వాళ్లిద్దరూ ఎన్నడూ చూడలేదు.

"అటు తిరిగారేంటి కోచ్?" అన్నాడు వెండెల్.

"చూస్తే నా చెయ్యి నా మాట వినదు. నువ్వు మాత్రం ఆగకు వెండెల్. వాడు ఆగమన్నా ఆగకు, నేను ఆగమన్నా ఆగకు."

గంట కొట్టాడు.

జమార్ కోపంగా మీదికి వెళ్లాడు. వెండెల్‌ని తాళ్లకి నెట్టి, పక్కటెముకల మీద, భుజాల మీద ఎడాపెడా కొట్టాడు. వెండెల్ మోచేతులు దగ్గరికి చేర్చుకుని, తలదాచుకుని, అన్నీ కాచుకున్నాడు. చూసేవాళ్లుంటే ఇక వాడి పని అయిపోయిందనే అనుకుందురు.

కాసేపటికి జమార్ దెబ్బల్లో వేగం తగ్గింది. చేతులు వాటంతట అవే కొంచెం కిందికి దిగాయి. మధ్యాహ్నం బడి వదిలే వేళకి పిల్లలు తలుపు వైపు చూసినట్టు, అతను గంట వైపు చూశాడు.

గంట మోగలేదు.

అప్పుడు వెండెల్ తాళ్ల మీంచి లేచాడు. మొదటి దెబ్బ డొక్కలో తగిలింది. రెండోదీ అక్కడే. జమార్ వెనక్కి జరగబోయాడు. కాళ్లు జరగలేదు.

"కోచ్!" అని అరిచాడు.

గ్రీర్ తిరగలేదు. ఏ దెబ్బ ఎక్కడ పడుతోందో ఆయనకి చప్పుడుని బట్టే తెలుస్తోంది. డొక్కకి తగిలితే ఒక చప్పుడు, దవడకి తగిలితే ఇంకొకటి. సుత్తి పట్టుకున్న చెయ్యి రెండుసార్లు పైకి లేచింది, రెండుసార్లూ ఒళ్లో పెట్టుకున్నాడు. తండ్రిలాంటి మనిషికి అది కూర్చోగలిగే చోటు కాదు.

జమార్ ఒక మోకాలి మీద కూలాడు. లేచాడు. వెండెల్‌ని కావలించుకున్నాడు, వెండెల్ విదిలించుకున్నాడు. మళ్లీ డొక్కలోనే తగిలింది. ఇంక ఈ రౌండుకి అంతమే లేదనుకుని తాళ్లు పట్టుకున్నప్పుడు గంట మోగింది.

జమార్ నోట్లోని మౌత్‌గార్డు ఊసేశాడు.

"ఎంతసేపు పోనిచ్చారు? ఐదు నిమిషాలా? ఆరా? చంపేద్దామనుకున్నారా నన్ను?"

గ్రీర్ లేచి వచ్చి, తాళ్ల మధ్యలోంచి స్టాప్‌వాచీ అతని కళ్లముందు పెట్టాడు.

"మూడు," అన్నాడు.

"అబద్ధం."

జమార్ వెండెల్ వైపు తిరిగాడు. వెండెల్ తల వంచుకుని గ్లౌజు తాళ్లు చూసుకుంటున్నాడు.

"మూడే జమార్. ఇక్కడికొచ్చే మా అందరికీ తెలుసు."

"ఏం తెలుసు?"

జవాబు గ్రీర్ చెప్పాడు. "నిన్న రెండు నిమిషాల పది సెకన్లు. మొన్న రెండుంబావు. నువ్వు కొడుతున్న రోజున రెండున్నర దాకా పోనిచ్చేవాణ్ణి. నువ్వు తింటున్న రోజున..." ఆగాడు. "ఇందాక మూడో రౌండు రెండు నిమిషాలు కూడా లేదు."

ఏడేళ్లుగా ఆ గంట మోగినప్పుడల్లా తన కాళ్లు ఏం నేర్చుకున్నాయో జమార్‌కి ఇప్పుడు తెలిసింది.

"ఎప్పట్నుంచి?"

"నువ్వొచ్చిన రెండో వారం నుంచి. క్లీవ్‌లాండ్ వాడొకడు నీ పెదవి చితక్కొట్టాడు, గుర్తుందా? ఆ రోజు నువ్వు గ్లౌజులు తీసేసి మెట్ల వైపు చూశావు. పదకొండు మంది ఉన్న రోజుల్లో ఒకడు మెట్ల వైపు చూస్తే, పోరా, అనేవాణ్ణి. పోయినవాళ్లు పోయారు, ఉన్నవాళ్లు ఆడారు. నువ్వొక్కడివే ఉన్నావు జమార్. నువ్వూ దిగిపోతే నేను ఈ గంట ఎవరికి కొట్టను?"

"నన్ను మోసం చేశారు."

"చేశాను."

"నా మీద ప్రేమతోనే చేశానంటారు ఇప్పుడు!"

"ఇన్నాళ్లూ నాతో నేను అదే చెప్పుకున్నాను. భయం నాయనా. నువ్వు పోతావని భయం."

జమార్ పళ్లతో గ్లౌజు తాళ్లు లాగి తెంపుకుని, రింగు దిగి, సరాసరి మెట్ల దగ్గరికి వెళ్లాడు. మేనేజరు లాస్‌వేగాస్‌లో పెద్ద జిమ్ చూసి ఉంచాడు, వస్తావా అని రెండేళ్లుగా అడుగుతున్నాడు. ఆ మాట ముగ్గురికీ తెలుసు. గ్రీర్ అతన్ని పిలవలేదు. ఉండమనలేదు. బతిమాలడానికి ఆయనకి మొహం లేదు.

పైమెట్టు మీద జమార్ ఆగాడు. డొక్క పట్టుకుని, ఇటు తిరక్కుండానే అడిగాడు.

"ఐదు వారాలున్నాయి. చాల్తాయా?"

ఏడేళ్లుగా అతనేం అడిగినా ముసలాయన దగ్గర ఒకటే జవాబు ఉండేది. బాగున్నావు, చాలు, నీకేం తక్కువ. వెండెల్ కూడా ఆ జవాబు కోసమే ఎదురుచూస్తున్నట్టు తలెత్తాడు.

"చాలవు," అన్నాడు గ్రీర్. "పోయిన ఏడేళ్లయితే చాలేవి."

కింద వీధిలో ఏదో లారీ పోయింది. అది పోయేంతవరకూ జమార్ అక్కడే నుంచున్నాడు. తర్వాత వెనక్కి వచ్చి, తెగిన తాళ్లతో వేలాడుతున్న గ్లౌజులు రెండూ వెండెల్ ముందు చాపాడు. వెండెల్ రింగు దిగి, తన గ్లౌజులు ఊడదీసి, సంచీలోంచి వేరే తాళ్లు తీసి, ఓపిగ్గా ఎక్కించి, మణికట్ల దగ్గర బిగించి కట్టాడు.

"రేపు కూడా వస్తావు కదా," అన్నాడు జమార్ అతనితో.

"పదింటికి," అన్నాడు వెండెల్.

వెండెల్ తన గ్లౌజులు మళ్లీ తొడుక్కున్నాక ఇద్దరూ రింగెక్కారు. గ్రీర్ వెళ్లి మళ్లీ గోడకేసి కూర్చున్నాడు. వాచీ మీట నొక్కబోతుండగా వెనకాల చెక్క నేల కిర్రుమంది. జమార్ రింగు దిగి వచ్చాడు. గ్లౌజుల మధ్య కుర్చీ చేతులు రెండూ ఇరికించి, కూర్చున్న మనిషితో సహా దాన్ని రింగు వైపు తిప్పాడు.

"చూస్తూ కొట్టండి కోచ్," అన్నాడు.