ఉరుకుందు అడిగిన రాయి

2009 జూన్ 12, శుక్రవారం. రాత్రంతా కురిసిన వాన తెరిపి ఇచ్చి, జొన్నగిరి చేల మీద లేత ఎండ పడింది. కన్నతల్లిని కూడా నమ్మని ఉరుకుందుకు ఆ ఉదయమే చేలో ఉలవగింజంత వజ్రం దొరికింది. అక్కడ తొలకరి పడితే ఊరంతా నేల చూస్తూ వంగి నడుస్తుంది లెండి. నడుము నొప్పులూ అప్పుడే ఎక్కువ.

వజ్రాన్ని భార్య ఈరమ్మకు ఒక్కసారి చూపించి దాచేశాడు.

"యాడ పెట్టినావు?" అందామె.

"నీకెందుకే! నీకు చెప్తే ఊరికి చెప్పినట్టే."

నెల తిరక్కుండానే అతనికి కడుపులో పోటు, చలిజ్వరం వచ్చాయి. కళ్ళు పచ్చబడ్డాయి. కర్నూలులో డాక్టర్ హసీనా పరీక్షించి, కాలేయం నుంచి పైత్యరసం దిగే నాళంలో రాయి అడ్డుపడిందని చెప్పింది. కాలేజీలో కప్పను కోసినప్పుడు ఆ పైత్యం రంగు చూశాను, ఆకుపచ్చగా ఉండేది. సరే, కథలోకి వద్దాం. ఆమె పొట్ట కోయలేదు. కొసన దీపమూ కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని నోట్లోంచి పేగు దాకా దింపింది. నాళం మూతిని కాస్త చీల్చి, రాయిని బయటికి లాగింది. నాళం ఇంకా వాచి ఉండడంతో అందులో వేలెడు ప్లాస్టిక్ గొట్టం ఉంచింది.

మెలకువ రాగానే ఉరుకుందు చెయ్యి చాపాడు. "నా రాయేదమ్మా?"

"పేగులోకి జార్చేశాం. దానంతటదే పోతుంది."

"పోతాదా, మీరే దాచుకున్నారా?"

డాక్టర్ నవ్వింది. "అది వజ్రం కాదయ్యా! లోపల గొట్టం ఉంది. మూడు నెలల్లో వచ్చి తీయించుకో. లేకపోతే పూడిపోయి ప్రాణం మీదికొస్తుంది."

మూడు నెలలు గడిచాయి. కళ్ళు తెల్లబడ్డాయి, ఆకలి బాగుంది. ఈరమ్మ కర్నూలు పోదామంది.

"తీసిన రాయే చూపించనోళ్ళు, లోపల గొట్టం మాత్రం పెట్టింటారా? పోవే!" అన్నాడు.

మరుసటి తొలకరికి ఒళ్ళు తెలియని జ్వరంతో అతన్ని ఆసుపత్రికి మోసుకొచ్చారు. డాక్టర్ పూడిపోయిన గొట్టాన్ని తీసేసింది కానీ, విషం అప్పటికే రక్తంలో పాకింది. మర్నాడు ఒక్కసారి కళ్ళు తెరిచాడు. పక్కనున్న పళ్ళెంలో నల్లబడిన గొట్టం కనిపించింది.

"నిజంగానే పెట్టినావమ్మా," అన్నాడు డాక్టర్‌తో.

తర్వాత ఈరమ్మ చెయ్యి పట్టుకుని, "రాయి... రాయి యాడుందంటే..." అంటూనే పోయాడు.

చేను పెద్దకొడుకుకు వచ్చింది. మేకలు చిన్నవాడికి వచ్చాయి. ఇల్లు ఈరమ్మకు మిగిలింది. వజ్రం మాత్రం ఎవరికీ దక్కలేదు. వాన పడిన ప్రతిసారీ ఈరమ్మ పెరడంతా వెతుకుతూనే ఉంటుంది.

అందరినీ నమ్మితే సొత్తు పోవచ్చు. ఎవరినీ నమ్మకపోతే సొత్తుతో పాటు ప్రాణమూ పోతుంది.