గుట్టమ్మ పందిరి

మేదరి బైరప్ప దగ్గర ఉన్నవి ఆరు రూకలు. వాటితో వెదురు కొని, తాతల నాటి గుట్టమ్మ రాతిబొమ్మకు నీడగా పందిరి వేశాడు.

పందిరి లేచిందో లేదో, ధర్మాధికారి దిగాడు.

"చెప్పులు విడిచి, చేతులు జోడించి, ఏదో ఒకటి సమర్పించుకునే చోటల్లా గుడేనని రాజశాసనం. గుడన్నాక రాబడిలో సగం ఖజానాది. జాతర మా సెలవుంటేనే."

"లోపల దేవుడుండక్కర్లేదా దొరా?"

"దేవుడి సంగతి శాసనానికెందుకురా?"

మర్నాడు బైరప్ప కొలువుకెళ్లి దండం పెట్టాడు. "మహాప్రభూ, ఖజానాకు సగం కట్టని గుడొకటి మీ కోట పక్కనే ఉంది."

రాజు ముందుకు వంగాడు. "ఏదది?"

"ధర్మాధికారిగారి కచేరీ. గడప బయటే చెప్పులు విడుస్తాం, చేతులు జోడిస్తాం. సమర్పించుకోనిదే పని జరగదు."

కొలువంతా నవ్వింది. రాజూ నవ్వబోయి, తన కాళ్ల దగ్గర పోగుపడిన కానుకల వంక చూసుకుని ఆగిపోయాడు.

"శాసనం మారుస్తున్నాం," అన్నాడు. "ఇకమీదట మేం గుడి అన్నదే గుడి."

"మరి మా గుట్టమ్మ, ప్రభూ?"

అప్పటికి తేరుకున్న ధర్మాధికారి అందుకున్నాడు. "అది వట్టి రాయి. కోటగోడకు రాళ్లు చాలడం లేదు. రేపు బండి పంపిస్తాం."

బైరప్ప ఇంటికొచ్చి గుట్టమ్మను గంపలో కూర్చోబెట్టి నెత్తికెత్తుకున్నాడు.

"సెలవు లేకుండా అమ్మను కదిలిస్తావా?" అంది పెళ్లాం.

"రాయని వాళ్లే అన్నారు గదే. రాయి మోసుకుపోవడానికి సెలవెందుకు?" అంటూ బైరప్ప పొలిమేర వైపు కాలెత్తాడు.