ఏడు శాసనాల చాకిరేవు

ఒకానొక రాజ్యం కొసన నడిమిపల్లె అనే ఊరుండేది. నలభై గడపలు, వెనక గుట్ట, ముందు వాగు. ఆ వాగే రెండు రాజ్యాలకూ ఎల్ల. వరదొచ్చినప్పుడల్లా వాగు దారి మార్చేది, ఊరు మాదంటే మాదని ఇద్దరు రాజులూ కత్తులు దూసేవారు. ఊరివాళ్లను మాత్రం ఎవరూ అడిగిన పాపాన పోలేదు. అదే దాని భూగోళం, అదే దాని చరిత్ర.

ఒక తొలకరి వేళ వాగు ఇవతలి రాజు వీరభూపతి ఆ ఊరిని గెలిచాడు. గెలిచినవాడు ఊరుకుంటాడా?

"ఈ పల్లె ఆచంద్రార్కం మాదేనని శాసనం వేయించాలి. నాలుగు ఆమడల అవతల నల్లరాయి ఉంది. ఊళ్లోని ఎడ్లన్నీ కట్టి లాక్కురండి!" అన్నాడు.

ఎడ్లు రాయి లాగడానికి పోతే పొలం దున్నేదెలా? విత్తే అదను నాలుగు రోజులే. అది తప్పితే ఆ ఏడంతా పస్తులే. అయినా నోరెత్తే ధైర్యం ఒక్క మగాడికీ లేకపోయింది.

చాకలి బాలవ్వ ముందుకొచ్చింది. "మారాజా, రాయి సంగతి తర్వాత. ముందుగాల మా రేవు చూడుండ్రి."

వాగు ఒడ్డున ఏడు బండలు నున్నగా అరిగి ఉన్నాయి. రాజు వంగి చూస్తే అక్కడక్కడ అక్షరాల గీతలు కనిపించాయి.

"ఏమిటివి?"

"మీలెక్క గెలిచిన మారాజుల శాసనాలే. ఇది మీ తాతది. ఆయన ఓడంగనే గెలిచినాయన ఉలితో పేరు చెరిపించి పడదోయించిండు. మేం దొర్లించుకొచ్చి బట్టలు ఉతుక్కుంటున్నం. పేరే రాయకుంటే చెరిపేటోడెవడు మారాజా?"

మంత్రి కత్తి మీద చెయ్యి వేశాడు. రాజు మాత్రం తాత బండను కాసేపు చూసి పకపకా నవ్వాడు.

"భలే! ఇంత తెలివిని రాతి మీద చెక్కించాల్సిందే. కట్టండి ఎడ్లు!"

బాలవ్వకు ఒళ్లు మండింది. అయినా చేతులు జోడించింది. "కొత్త రాయెందుకు మారాజా? మీ తాత బండ వెనక దిక్కు ఖాళీగనే ఉన్నది."

రాజు ఇంకా గట్టిగా నవ్వి ఎడ్లను వదిలించాడు. ఆ బండ వెనక తన పేరూ, కింద ఆమె పేరూ చెక్కించి, "ఇదే నీకు బహుమానం" అని వెళ్లిపోయాడు.

అదనులో విత్తు పడింది, జొన్న ఏపుగా పండింది. సరిగ్గా కోతల నాటికి వాగు అవతలి రాజు వచ్చి ఊరిని గెలిచాడు. అతని సైన్యం సగం జొన్న తినేసి, బండ మీది రెండు పేర్లనూ చెరిపేసింది. మిగిలిన సగంతో ఊరు ప్రాణాలు నిలుపుకుంది.

మర్నాడు బాలవ్వ అదే బండ మీద ఆ సైనికుల బట్టలు ఉతుకుతుంటే, కొత్త రాజు శాసనానికి రాయి తెమ్మన్నాడని కబురొచ్చింది.