నెల తిరిగితే వదులయ్యే తీగ

వెనకటికి ఒక రాజు వేటలో గుర్రం మీంచి పడి ముందుపళ్లు రెండు పోగొట్టుకున్నాడు. బోసినోటితో కొలువు తీరడం నామోషీ కాబట్టి కంసాలి సిద్ధయాచారిని గుట్టుగా కోటకు రప్పించాడు. అతను ఏనుగుదంతంతో రెండు పళ్లు చెక్కి, అటూ ఇటూ ఉన్న పళ్లకు సన్నటి బంగారు తీగతో బిగించాడు.

రాజు అద్దంలో చూసుకుని మురిసిపోయాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"పనితనం బాగుంది ఆచారీ. కానీ ఇవి కట్టుడుపళ్లని తెలిసినవాడు బతక్కూడదు. తలుపవతల తలారి ఉన్నాడు."

సిద్ధయాచారి తొణక్కుండా పట్టకారు తుడుచుకున్నాడు.

"చిత్తం ప్రభూ. నమిలేకొద్దీ తీగ వదులవుతుంది. నెలకోసారి బిగించకపోతే నిండుకొలువులో పళ్లు ఊడి ఒళ్లో పడతాయి. అంటే నెలకో కంసాలిని పిలవాలి, నెలకో తల తీయించాలి. మీ రాజ్యంలో కంసాలులం పదకొండు మందిమి. పన్నెండో నెల ఎవరిని పిలుస్తారు?"

రాజు చాలాసేపు నాలుకతో పళ్లు తడుముకున్నాడు. చివరికి తలారిని పంపించేశాడు.

అప్పట్నుంచి సిద్ధయాచారి నెలనెలా వెళ్లి తీగ బిగించి వస్తున్నాడు. ఒకనాడు రాజు విసుక్కున్నాడు.

"ఎప్పటికీ వదులవకుండా బిగించడం నీకు చేతకాదా?"

"అది మా నాన్నకే చేతనయ్యేది ప్రభూ. మీ నాన్నగారికి అలాగే బిగించాడు. కోట నుంచి ఇంటికి తిరిగి రాలేదు."

ఆ మాట చెబుతూనే సిద్ధయాచారి తీగను సరిగ్గా నెల్లాళ్లకు సరిపడా మెలిపెట్టాడు.